గుండిగ ఒకచోట, మూత ఒకచోట



ఉమ్మడి కుటుంబాల్లో పంపకాలు చూసినవాళ్లకు ఒక సంగతి తెలిసే ఉంటుంది. పొలం, ఇల్లు పెద్దమనుషులు కూర్చుని తేల్చేస్తారు. చిక్కంతా అటక మీది సామాన్ల దగ్గరే వస్తుంది. మా తాతగారింట్లో ఒక పెద్ద ఇత్తడి గుండిగ ఉండేది. పెళ్లి అయినా, సమారాధన అయినా అన్నం అందులోనే వండేవారు. పంపకాల రోజున సామాన్లను తూకం వేసి వాటాలు చేశారు. గుండిగ మా పెదనాన్నగారికి వెళ్లింది, దాని మూత మా బాబాయి వాటాలో పడింది. తూకం లెక్క సరిపోయింది, ఎవరికీ అన్యాయం జరగలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు పెదనాన్నగారింట్లో గుండిగ మీద చెక్కపలక కప్పేవారు. బాబాయివాళ్లింట్లో మూత పెరటి గోడకు ఆనించి ఉండేది. ఎండాకాలంలో దాని మీద వడియాలు పెట్టుకునేవారు.

మ్యూజియాలకూ ఇలాంటి పంపకాలుంటాయి. ఒకేరకం వస్తువులు ఎక్కువైపోయాయనో, పెట్టడానికి చోటు చాలడం లేదనో ఒక మ్యూజియం తన పురాతన వస్తువుల్ని ఇంకో మ్యూజియానికి ఇచ్చేస్తుంది. కొన్నిసార్లు కానుకగా ఇస్తుంది, కొన్నిసార్లు మార్పిడి చేసుకుంటుంది, ఒక్కోసారి వెలకు అమ్ముతుంది. విగ్రహాల దొంగతనాల గురించి పేపర్లలో చదువుతూనే ఉంటాం. ఈ పంపకాల గురించి మాత్రం పెద్దగా వినం. ఇవి సంతకాలతో, రసీదులతో, చాలావరకు మంచి మనసుతో జరిగినవి కాబట్టి వార్త కావు. కానీ మనిషి గతం గురించి మనకు ఎంత తెలుస్తుంది, ఎంత తెలియకుండా పోతుంది అన్నది చాలాసార్లు ఈ పంపకాల దగ్గరే తేలిపోయింది. అందుకే ఈ పదిహేను నిమిషాలూ దీని గురించే మాట్లాడాలనుకున్నాను.

హైదరాబాద్ నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియానికి వెళ్లిన పిల్లలెవరూ అక్కడి ఈజిప్టు మమ్మీని చూడకుండా బయటికి రారు. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ దాన్ని కొని తెప్పించారు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ చేతికి వచ్చాక, 1930లో అది మ్యూజియానికి చేరింది. అది కొన్న వస్తువు. అయితే ప్రపంచంలో ఎన్నో ఊళ్ల మ్యూజియాల్లో ఇలా అద్దాల వెనక కనిపించే ఈజిప్టు శవపేటికలు కొన్నవీ కావు, ఎత్తుకుపోయినవీ కావు. ఈజిప్టు మ్యూజియమే 1893లో వాటాలు వేసి పంచిపెట్టినవి.

ఆ కథ 1891లో మొదలవుతుంది. నైలు నదికి పడమటి ఒడ్డున, లక్సర్ పట్టణానికి ఎదురుగా దైర్ ఎల్-బహరీ అనే చోటు ఉంది. హాట్షెప్సుట్ రాణి కట్టించిన గుడి అక్కడే. ఆ చుట్టుపక్కల అబ్ద్ ఎల్-రసూల్ అనే కుటుంబానికి భూమి లోపల ఎక్కడ ఏముందో తరతరాలుగా తెలుసు. వాళ్లు రహస్యంగా వాడుకున్న గుంతలోంచే 1881లో రెండో రామ్సెస్ సహా ఎందరో ఫారోల మమ్మీలు బయటపడ్డాయి. పదేళ్ల తర్వాత అదే కుటుంబంలోని మహమ్మద్ మరో చోటు చూపించాడు. రాళ్లు తొలగిస్తే లోతైన బావిలాంటి గొయ్యి, అడుగున పొడవాటి సొరంగం. అందులో 153 శవపేటికలు. వాటిలో 101 జంట పేటికలు, అంటే ఒకదాని లోపల ఒకటి. మిగిలిన 52 ఒంటివి. అన్నీ సుమారు మూడు వేల ఏళ్ల కిందటివి, కర్నాక్‌లోని ఆమున్ దేవుడి గుడిలో అర్చకత్వం చేసిన కుటుంబాలవి. సమాధుల దోపిడీ ఎక్కువైన కాలం కావడంతో, విడివిడిగా పాతిపెడితే దక్కవని అందరినీ ఒకేచోట దాచారు. అందుకే ఆ చోటికి బాబ్ ఎల్-గసూస్, అంటే అర్చకుల వాకిలి అనే పేరు స్థిరపడింది.

తవ్వించిన పురావస్తు శాఖ అధిపతి యూజీన్ గ్రెబో, ఆయన దగ్గర పనిచేసిన జార్జ్ దారెస్సీ, ఇద్దరూ ఫ్రెంచివాళ్లు. దొంగల భయంతో పని ఆదరాబాదరాగా సాగింది. ఆ హడావుడిలో కూడా దారెస్సీ ఒక పని చేశాడు. గోతిలోంచి పేటికలు పైకి వచ్చిన వరుసలోనే 1 నుంచి 153 దాకా నంబర్లు వేసుకుంటూ పోయాడు. ఈ నంబర్ల సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

పేటికల్ని పడవల మీద గీజాకు తెచ్చారు. అప్పటి మ్యూజియం గీజాలో మాజీ పాలకుడు ఇస్మాయిల్ పాషా కట్టించిన రాజభవనంలో ఉండేది. అంతకుముందు బూలాక్‌లోని మ్యూజియంలోకి 1878లో నైలు వరద వచ్చింది. కొత్తచోటికి మారి ఎన్నాళ్లూ కాలేదు. ఇంతలో ఒక్కసారిగా ఇన్ని పేటికలు, వాటితోపాటు 110 పెట్టెల బొమ్మలు, 77 ఒసైరిస్ దేవుడి చెక్క విగ్రహాలు, బుట్టలు, పూలదండలు, చెప్పుల జతలు వచ్చిపడ్డాయి. పెట్టడానికి చోటెక్కడ? 1892లో అబ్బాస్ హిల్మీ కొత్త ఖెదీవ్‌గా, అంటే ఈజిప్టు పాలకుడిగా, గద్దెనెక్కాడు. ఆ సందర్భంగా విదేశాలకు కానుకలిస్తే గౌరవమూ దక్కుతుంది, గదులూ ఖాళీ అవుతాయి. అలా 1893లో 17 వాటాలు వేశారు. ఫ్రాన్స్, ఆస్ట్రియా, టర్కీ, బ్రిటన్, ఇటలీ, రష్యా, జర్మనీ, పోర్చుగల్, స్విట్జర్లాండ్, అమెరికా, నెదర్లాండ్స్, గ్రీస్, స్పెయిన్, అప్పటికి ఒకే రాజు కింద ఉన్న స్వీడన్-నార్వే, బెల్జియం, డెన్మార్క్, చివరికి వాటికన్. ఒక్కో వాటాలో నాలుగైదు పేటికలు, కొన్ని పదుల బొమ్మలు.

తీసుకున్నవాళ్లు మళ్లీ పంచారు. బ్రిటిష్ మ్యూజియం తనకు నచ్చినవి ఉంచుకుని మిగిలినవి చిన్న ఊళ్ల మ్యూజియాలకు పంపింది. స్విట్జర్లాండ్ తన వాటాను తన పట్టణాల మధ్య పంచుకుంది. వాటాలో వాటా, అందులో మళ్లీ వాటా.

ఇప్పుడు ఆ పేటికల్లో ఒకదాన్ని దగ్గరగా చూద్దాం. మనిషి ఆకారంలో ఉన్న చెక్క పెట్టె. చెక్క మీద సున్నపు పూత, దాని మీద పసుపు నేల, ఆ పసుపు మీద ఎరుపు, నీలం, ఆకుపచ్చ బొమ్మలు. వేలెడు ఖాళీ కూడా వదలకుండా దేవతలు, పడవలు, రెక్కలు చాచిన పక్షులు. పైన మెరుగునూనె పూయడంతో మొత్తానికి తేనె రంగు పట్టింది. ఛాతీ మీద చెక్కతో చేసిన రెండు చేతులు అడ్డంగా ఉంటాయి. పిడికిలి బిగించి ఉంటే లోపల ఉన్నది పురుషుడు, అరచేయి చాచి ఉంటే స్త్రీ. స్త్రీ అయితే చెవులకు గుండ్రటి కమ్మలు కూడా ఉంటాయి. ఈ పెట్టె లోపల ఇంకో పెట్టె, ఆ లోపలి పెట్టెలో మమ్మీ మీద సరిగ్గా కప్పేలా అదే రూపంలో చేసిన మరో పలక. ఒక అర్చకుడికి పూర్తి సెట్టంటే ఇదంతా.

గీజాలో వాటాలు వేసినవాళ్లకు ఇవన్నీ ఒకేలా కనిపించాయి. అన్నీ పసుపు పెట్టెలే. మూతలు, అడుగులు, లోపలివి, బయటివి అన్నీ కలిసిపోయిన చోట కొందరి సెట్లు విడిపోయాయి. ఒకరి పేటిక ఒక దేశంలో, అదే మనిషి మమ్మీ పలక మరో దేశంలో. మా గుండిగ కథే, కాకపోతే ఇక్కడ మధ్యలో సముద్రాలున్నాయి.

బొమ్మల గతి ఇంకా బాధ కలిగిస్తుంది. వాటిని శబ్తీలంటారు. అరచేతిలో ఇమిడేంత బొమ్మ, చాలావాటికి నీలి మెరుగు పూత, చేతిలో పార. చనిపోయినవాడికి పరలోకంలో పొలం పని పడితే, పిలిచిన వెంటనే పలికి ఆ పని చేసిపెట్టడానికి ఈ బొమ్మ. బాగా ఉన్నవాళ్లు పూర్తి సెట్టు చేయించుకునేవారు. కూలీలు 365 మంది, ఏడాదిలో రోజుకొకరు. పదిమందికి ఒకరు చొప్పున పైన అజమాయిషీకి 36 మంది మేస్త్రీలు. ఈ మేస్త్రీల చేతిలో పార బదులు కొరడా ఉంటుంది, నడుముకు పంచెలాంటి వస్త్రం ఉంటుంది. మొత్తం 401.

మ్యూజియం అధికారి కళ్లకు ఇవి నాలుగు వందల ఒకేరకం బొమ్మలు. ఒకటి ఉంచుకుంటే చాలు, మిగిలినవి ఎవరికైనా ఇవ్వొచ్చు అనుకోవడం సహజమే. చేయించుకున్న అర్చకుడికి మాత్రం అది ఒక ఏడాది. ఏ రోజుకు ఆ రోజు పనివాడు ఉండేలా, ఒక్క రోజు కూడా తప్పిపోకుండా లెక్కపెట్టి పెట్టుకున్న ఏడాది. ఆ ఏడాదిని దేశానికి కొన్ని రోజుల చొప్పున పంచేశారు. నేను ఈ విషయం మొదటిసారి చదివినప్పుడు పుస్తకం పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చుండిపోయాను.

ఇందులో ఎవరినీ దుర్మార్గులని నేను అనను. ఆ రోజుల్లో అదే పద్ధతి. కైరో మ్యూజియంలో అయితే మిగులు అనుకున్న వస్తువుల్ని సందర్శకులకు అమ్మడానికి ఒక గదే ఉండేది. అది 1979 దాకా నడిచింది.

మరి విడిపోయిన ఆ సెట్ల జాడ ఇప్పుడు దొరుకుతోందా? చాలావరకు దొరుకుతోంది. కారణం దారెస్సీ వేసిన ఆ నంబర్లు. ఆయన వాటి జాబితాను దాచుకుని 1907లో అచ్చువేయించాడు. వందేళ్లు గడిచాక పరిశోధకులు ఆ జాబితా ముందు పెట్టుకుని లిస్బన్‌లో ఒకటి, కోపెన్‌హాగన్‌లో ఒకటి, వాషింగ్టన్‌లో ఒకటి అంటూ ఎవరి పెట్టె ఎక్కడుందో తిరిగి పేర్చుకుంటున్నారు. వాటికన్ మ్యూజియం 2008 నుంచి ఈ పసుపు పేటికల మీద చేయిస్తున్న అధ్యయనంలో పారిస్‌లోని లూవ్ర్, నెదర్లాండ్స్‌లోని లైడెన్ మ్యూజియాలు కూడా కలిశాయి. చెక్క ఏ చెట్టుది, పూత ఎన్ని పొరలు, అంతకుముందు ఇంకొకరికి వాడిన పెట్టెనే పేరు మార్చి మళ్లీ వాడారా, ఇలాంటివన్నీ పక్కపక్కన పెట్టి చూస్తేనే తేలతాయి. పక్కపక్కన పెట్టాలంటే ఏది ఎవరిదో ముందు తెలియాలి.

ఇలాంటి నంబర్ల విలువ అందరికన్నా బాగా తెలిసిన మనిషి, ఈజిప్టులో తవ్వకాలు చేయించిన ఆంగ్లేయుడు ఫ్లిండర్స్ పెట్రీ. ఇంగ్లండ్‌లో 1882లో అమేలియా ఎడ్వర్డ్స్ అనే రచయిత్రి పూనికతో ఈజిప్టు తవ్వకాల కోసం ఒక సంఘం ఏర్పడింది. పెట్రీ దానికి పనిచేశాడు, తర్వాత సొంతంగానూ తవ్వించాడు. డబ్బు ఎక్కడిదంటే చందాలు. ఊరూరా మ్యూజియాలు, బళ్లు, సంఘాలు చందా పంపేవి. తవ్విన వస్తువుల్లో ఈజిప్టు ప్రభుత్వం తనకు కావలసినవి తీసుకున్నాక మిగిలినవి ఈ చందాదార్లకు పంచేవారు. నూలు మిల్లుల ఊరైన బోల్టన్‌కు మూడు నాలుగు వేల ఏళ్ల నాటి నారబట్టలు అలా వెళ్లాయి. మగ్గం మీద బతికే ఊరికి ప్రాచీన నేత చేరడం నాకు ఈ చరిత్ర మొత్తంలో అన్నిటికన్నా ముచ్చటైన సంగతి. అక్కడి జనానికి అది చూడగానే అర్థమయ్యే వస్తువు. ఈ తవ్వకాల సామగ్రి ప్రపంచంలో సుమారు 350 సంస్థలకు చేరిందని లెక్క తేల్చారు.

పెట్రీ 1894, 1895 సంవత్సరాల్లో నకాదా అనే చోట రెండు వేలకు పైగా సమాధులు తవ్వించాడు. రాజుల సమాధులేమీ కావు. ఫారోలకు ముందుకాలపు మామూలు మనుషులవి, వాటి నిండా మట్టికుండలే. తోటివాళ్లకు అవి వట్టి కుండలు. పెట్రీ మాత్రం ప్రతి కుండ మీద అది ఏ సమాధిలో దొరికిందో నల్ల సిరాతో నంబరు రాశాడు. తర్వాత ఒక్కో సమాధికి ఒక్కో అట్టముక్క చొప్పున దాదాపు 900 అట్టముక్కలు చేసి, ఏ కుండ పక్కన ఏ కుండ ఉందో రాసుకుని వాటిని వరుస మారుస్తూ, పేరుస్తూ కూర్చున్నాడు. ఒకరకం కుండకు పక్కన అలల్లాంటి పిడి ఉండేది. మొదట్లో అది చేత్తో పట్టుకునే నిజమైన పిడి. కాలం గడిచేకొద్దీ చిక్కిపోయి, చివరికి కుండ చుట్టూ గీసిన వంకర గీత మాత్రమే మిగిలింది. ఆ మార్పును పట్టుకుని, రాతకోతలు లేని కాలానికి ముందువెనకల వరుస కట్టాడు. తేదీ రాసి లేని సమాధులకు కుండలతోనే కాలక్రమం ఏర్పడింది.

ఇది సాధ్యమైంది ఒకేరకం కుండలు వందల కొద్దీ ఉండబట్టి. ఒకటి రెండు అందమైన కుండలు ఉంచుకుని తక్కినవి డూప్లికేట్లని పారేసి ఉంటే ఆ వరుస ఎప్పటికీ తేలేది కాదు. పని అయ్యాక ఆ కుండల్ని పెట్రీ కూడా పంచాడు. అయినా వాటి ఒంటి మీద సిరా రాత ఉంది. ఏ మూలనున్న మ్యూజియంలోనైనా ఒక కుండ బయటపడితే, దాని మీది నంబరు చదివి ఇది ఫలానా సమాధిది, దీని పక్కన ఉండినవి ఫలానావి అని ఈ రోజుకీ చెప్పగలుగుతున్నారు.

మన ఇళ్లలో గిన్నెల మీద పేర్లు కొట్టించే అలవాటు ఉందే, అదే ఇది. పెళ్లికి పెట్టిన బిందె మీద అమ్మాయి పేరు, తేదీ చుక్కచుక్కలుగా కొట్టిస్తారు. ఎవరింటి విందుకు పంపినా, ఎన్ని గిన్నెల మధ్య కలిసిపోయినా బోర్లించి చూస్తే ఎవరిదో తెలుస్తుంది. మా గుండిగ అంచు మీద మా తాతమ్మ పేరుంది. మూత అంచు మీదా అదే పేరుంది.

డూప్లికేట్ అనే మాట ఎంత మోసం చేస్తుందో చెప్పడానికి మరో ఉదాహరణ బెనిన్‌ది. ఇప్పటి నైజీరియాలోని బెనిన్ రాజ్యం మీద 1897లో బ్రిటిష్ సైన్యం దాడి చేసి, రాజభవనం తగలబడగా అక్కడి ఇత్తడి ఫలకాలను ఎత్తుకొచ్చింది. రాజు ఆస్థానం, యోధులు, వర్తకులు పోతపోసి ఉన్న ఆ ఫలకాలు భవనపు స్తంభాలకు తాపడం చేసినవి. వందల ఫలకాలు బ్రిటిష్ మ్యూజియానికి వచ్చాయి. 1950 తర్వాత రెండు దశాబ్దాల్లో, ఒకేలా ఉన్నవి డూప్లికేట్లే కదా అని ముప్ఫైకి పైగా ఫలకాలను ఆ మ్యూజియం వదిలించుకుంది. కొన్నిటిని కొన్నది నైజీరియా ప్రభుత్వమే. లాగోస్‌లో 1957లో తెరిచిన మ్యూజియం కోసం తమ సొంత వస్తువులను తామే వెల ఇచ్చి తెచ్చుకోవలసి వచ్చింది. తీరా తర్వాత తెలిసిందేమిటంటే, ఒకేలా ఉన్న ఆ ఫలకాలు నకళ్లు కావు, జంటలు. స్తంభాల మీద ఎదురెదురుగా అమర్చడానికి కావాలనే రెండేసి పోశారు. గుమ్మానికి అటూ ఇటూ ఉన్న ద్వారపాలకుల్లో ఒకరు నకలని ఎవరైనా తీసేస్తారా? అక్కడ జరిగింది అదే.

పంచకుండా అన్నీ ఒకేచోట ఉంచడమే మంచిదా అంటే, అలా కూడా అనలేం. ఇరాక్‌లోని నిమ్రూద్‌లో అషూర్ నాసిర్‌పాల్ అనే అసిరియా రాజు దాదాపు మూడు వేల ఏళ్ల కిందట కట్టించిన భవనం ఉండేది. గోడల నిండా నిలువెత్తు రాతి పలకలు, వాటి మీద రెక్కల దేవతలు. ప్రతి పలక నడుము మీదుగా ఒకటే శాసనం మళ్లీ మళ్లీ చెక్కి ఉంటుంది. 1845లో లేయర్డ్ అనే ఆంగ్లేయుడు అక్కడ తవ్వకం మొదలుపెట్టాడు. బ్రిటిష్ మ్యూజియానికి కావలసినన్ని వెళ్లాక మిగిలిన పలకలు కొన్ని అమెరికా మిషనరీల ద్వారా ఆ దేశపు కాలేజీలకు వెళ్లాయి. ఒంటెల మీద మోయడానికి వీలుగా వాటిని రంపాలతో కోసి పలచన చేశారు, కొన్నిటిని ముక్కలు కూడా చేశారు. ఆ కోత చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. అయితే 2015లో ఐసిస్ ముఠా ఆ భవనాన్ని పేలుడు పదార్థాలు పెట్టి నేలమట్టం చేసింది. ఈ రోజు ఆ గోడల్లో క్షేమంగా మిగిలినవి చాలావరకు అలా దూరం వెళ్లినవే. దూరం పంపినవాళ్లు దీన్ని ఊహించి పంపలేదు, కాబట్టి ఇది వాళ్ల గొప్ప కాదు. ఒకే బుట్టలో అన్నీ ఉండకపోవడం వల్ల కలిగిన మేలు మాత్రం నిజం.

ఇక మన అమరావతికి వస్తాను. మన వస్తువులే నలుదిక్కులా చెదిరిపోయి ఉన్నప్పుడు ఈజిప్టు గురించి చెప్పి ఊరుకోవడం నా వల్ల కాదు. 1790ల చివర జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కొత్త పట్టణం కట్టుకుంటున్నప్పుడు, దీపాలదిన్నె అని జనం పిలిచే పాత స్తూపం దిబ్బలోంచి రాళ్లు తీశారు. ఆ రాళ్ల సంగతి విని 1798లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ చూడటానికి వచ్చాడు. దిబ్బలోవి పలనాటి సున్నపురాళ్లు కావడంతో ఎన్నో బట్టీల్లో కాలి సున్నమైపోయాయి. కొన్ని మచిలీపట్నం చేరాయి, కొన్ని కలకత్తా వెళ్లాయి. 1845లో మరో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసుకు వెళ్లాయి. వాటిలోంచి 121 రాళ్లను 1859లో ఓడ మీద లండన్ పంపారు. అక్కడ కొన్నేళ్లపాటు వాటిని పట్టించుకున్నవాడు లేడు. చివరికి 1880లో బ్రిటిష్ మ్యూజియంలో చేరాయి.

అమరావతి స్తూపం చుట్టూ ఉండిన ప్రాకారం ఎలా కట్టారో ఒకసారి తలచుకోండి. నిలువుగా స్తంభాలు. రెండు స్తంభాల మధ్య అడ్డంగా సూచులు, అంటే పద్మాలు చెక్కిన రాతి కమ్మీలు. స్తంభం పక్కల కంటి ఆకారంలో గుంటలు తొలిచి, సూచుల కొనలు వాటిలో దూర్చి బిగించేవారు. అన్నిటి మీదా దూలంలా ఉష్ణీషం. సున్నం, బురద ఏమీ లేకుండా ఒక రాయి ఇంకో రాయిని పట్టుకుని నిలబడిన నిర్మాణం. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో స్తంభాలు ఉన్నాయి, సూచులూ ఉన్నాయి. లండన్‌లోనూ స్తంభాలు ఉన్నాయి, సూచులూ ఉన్నాయి. ఈసారి ఎగ్మూరు వెళ్లినవాళ్లు శిల్పం ముందు వైపు చూసి వదిలేయకండి. స్తంభం పక్కకు వెళ్లి ఆ గుంటలు చూడండి. రాయి రాయిని పట్టుకోవలసిన చోటు ఖాళీగా ఉంటుంది.

అయినా ఏ రాయి ఎక్కడిదో కొంతైనా చెప్పగలుగుతున్నామంటే అది మెకంజీ చలవ. ఆయన 1816లో మళ్లీ వచ్చి, తన మనుషులతో ఒక్కో రాయికీ బొమ్మ గీయించాడు. రాయి పోయినా బొమ్మ మిగిలినవి ఉన్నాయి. ఇలియట్ తవ్వకానికి అంత వివరమైన నివేదిక రాలేదు. ఆ లోటు ఇప్పటికీ లోటుగానే ఉంది.

మన దగ్గర మరో పంపకం ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. పొలం దున్నుతుంటేనో, పునాది తవ్వుతుంటేనో కుండ నిండా పాత నాణేలు దొరుకుతాయి. 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు చెప్పాలి. అలా ప్రభుత్వానికి చేరిన నాణేల్లో ఒకేరకంవి డూప్లికేట్లని తేల్చి వేరే మ్యూజియాలకు పంచడం ఇంగ్లీషు దొరల కాలం నుంచి ఉన్న పద్ధతి. చూడటానికి మంచిదే, పదిచోట్ల పదిమంది చూస్తారు. కానీ ఆ కుండకొక మాట ఉంది. అందులో అన్నిటికన్నా కొత్త నాణెం ఏ రాజుదో తెలిస్తే, కుండ పాతిపెట్టింది ఆ రాజు కాలంలోనో ఆ తర్వాతో అని తెలుస్తుంది. ఏ రాజు నాణేలు ఎన్ని ఉన్నాయో లెక్క ఉంటే, బజారులో ఏ డబ్బు ఎంత చెలామణీలో ఉండేదో తెలుస్తుంది. వెయ్యి నాణేలు పది ఊళ్లకు వెళ్లి, ఒకే కుండలోవని రాసిన కాగితం పోతే, అవి వెయ్యి లోహపు బిళ్లలు.

ఇప్పుడు మళ్లీ పంపకాల మాట వినిపిస్తోంది. ఇటలీ 2021లో పెద్ద మ్యూజియాల గోదాముల్లో ఉన్న 100 కళాఖండాలను వాటి సొంత ప్రాంతాల చిన్న మ్యూజియాలకు పంపే పథకం ప్రకటించింది. ఎంతో మంచి ఆలోచన. మన రెండు రాష్ట్రాల్లోనూ ఇది జరగాలని నా కోరిక. మ్యూజియం ఆవరణల్లో వేపచెట్ల కింద వానకు తడుస్తూ నిలబడిన శిల్పాలను మీరూ చూసే ఉంటారు. అవి దొరికిన మండల కేంద్రంలో ఒక చిన్న గది కట్టి పెడితే అక్కడి బడిపిల్లలు మా ఊరిదని చూసుకుంటారు. పంపండి. కాకపోతే ఒక సమాధిలోవి, ఒక కుండలోవి, ఒక గుడి మండపంలోవి విడదీయకండి. వెళ్లేది ఒక్క రాయైనా సరే, అక్సెషన్ రిజిస్టర్‌లో దాని పేజీ నకలు దానితోపాటు వెళ్లాలి. వస్తువు మ్యూజియంలోకి వచ్చిన రోజున నంబరు వేసి, ఎక్కడ, ఎప్పుడు, ఎవరికి దొరికిందో రాసే పెద్ద పుస్తకం అది. ఆ పుస్తకాల్లో పాతవి కొన్ని చెదలు పట్టి పొడి రాలుతుంటాయి. శిల్పానికి గాజుపెట్టె చేయించే డబ్బులో కొంత తీసి ముందు ఆ పుస్తకాల ఫొటోలు తీయించండి.

శ్రోతలకు కూడా ఒక మనవి. మీ ఊరి చెరువుగట్టు మీదో, గుడి వెనకో, పొలంలోనో పాత విగ్రహమో, శాసనమో, నాణేల కుండో కనిపిస్తే కదిలించే ముందు అక్కడే ఉండగా ఒక ఫొటో తీయండి. ఊరు పేరు, సర్వే నంబరు, తేదీ ఒక కాగితం మీద రాయండి. ఒక నకలు మీ దగ్గర ఉంచుకుని, ఒకటి కలెక్టరు కార్యాలయానికి పంపండి. ఆ వస్తువు రేపు ఏ మ్యూజియానికి వెళ్లినా, అక్కడి నుంచి ఇంకెక్కడికి వెళ్లినా, మీరు రాసిన ఆ నాలుగు ముక్కలు దాని వెంట ఉండాలి.